ఫువాతినో కాళ్ళ మీది చాప

పదకొండేళ్ళ మనవరాలు ఫువాతినో పాస్టరమ్మ నోరు మూయించడం సలఫాయి మామ్మ కళ్ళారా చూసింది. సవాయి దీవిలో, వాళ్ళ చర్చి సావిట్లో, పిల్లలే అందరి ముందూ బైబిలు వచనాలు చెప్పే పిల్లల ఆదివారం పండక్కి వచనాలు అప్పజెప్పిస్తున్నారు.

"కాళ్ళు మడుచుకో ఫువాతినో! పెద్దలకేసి పాదాలు పెడతావా, ఎంత పొగరు!"

పిల్ల మడిచింది. మడిచిన కాలు మళ్ళీ ఎగిరి బయటికొచ్చింది.

"మా మామ్మ కూడా అలాగే కూచుందిగా!"

"ఆవిడవి పాడు మోకాళ్ళు. పైగా చాప కప్పుకుంది."

"నాదీ జబ్బేనండీ. నాకూ చాప కప్పండి. కాలు మాట వినకపోతే కాలిని తిట్టండి, నన్నెందుకు?"

సావిడంతా గొల్లుమంది. ఊరిపెద్ద తన పక్కనున్న చాప ఇటు తోశాడు.

పాస్టరమ్మకి మింగుడుపడలేదు. "సరే. వచనం చెప్పేటప్పుడు చేతులు ఎగిరాయో, ఆ వచనం వేరే పిల్లకిచ్చేస్తా."

"ఎగరవు. పక్కన నిలబడి నేను పట్టుకుంటాగా," అనేసింది మామ్మ.

ఒకప్పుడు ఫువాతినో కొబ్బరి కోరుతుంటే చెయ్యి కనిపించేది కాదు, అంత వేగం. గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్ని నెలలకి ఆ చేతిలోంచే కోకో గిన్నె ఎగిరిపడింది. తర్వాత భుజం, కాలు, ఆఖరికి నాలుక కూడా వాటంతటవే కదలసాగాయి. దెయ్యమన్నారు. నూనె పెట్టి మర్దనా చేశారు. నర్సమ్మ మాత్రం, "ఆ గొంతునొప్పే ఇలా తిరిగొచ్చింది. చేతులు ఎప్పటికో ఊరుకుంటాయి. గుండె చెడకుండా నెలనెలా సూది మానకండి," అంది.

పిల్ల నిద్రపోతేనే ఒళ్ళు కుదురు. మెలకువగా ఉన్నంతసేపూ మామ్మ దాని మణికట్టు వదిలేది కాదు. పట్టిన చెయ్యి ఒడ్డున పడ్డ చేపలా గింజుకునేది.

పండగ ఆదివారం పొద్దున్న తెల్లగౌను తొడుగుతుంటే మోచెయ్యి వెళ్ళి మామ్మ ముక్కుకి తగిలింది. ఇద్దరూ పకపకా నవ్వారు. పిల్ల నవ్వు ఉన్నట్టుండి ఏడుపైంది.

"ఏడవకే, గౌను మాస్తుంది. నేను పట్టుకుంటానన్నానుగా!"

"అందుకే ఏడుస్తున్నా. నువ్వు పట్టుకుంటే నా ధ్యాసంతా చేతుల మీదికే పోతుంది, వచనం మరిచిపోతా. ఎగిరితే ఎగరనీ."

"పాస్టరమ్మకి మాటిచ్చానే!"

"నేనివ్వలేదుగా. మామ్మా, నువ్వు చాప కప్పుకుని హాయిగా కూచో. నన్ను పట్టుకోవడానికి ఎవరైనా లేచారనుకో, వాళ్ళని పట్టుకో."