హైమవతి సంజాయిషీ

పొద్దున్నే డ్యూటీకి బయలుదేరేటప్పుడు హైమవతి ఇంటి తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తుంది. రెండంతస్తులు దిగాక మళ్లీ పైకెక్కి నాలుగోసారి లాగుతుంది. కింద స్కూటర్ మీద ఎదురుచూసే భర్త భీమేశ్వరరావు, "దొంగకు శ్రమ లేకుండా నువ్వే ఊడలాగుతావులే" అంటాడు.

వాళ్ల కాపురం దేశ రాజధాని శివారు ద్వారకలో. ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఆమె ఓ పెద్ద ఆసుపత్రిలో మగవాళ్ల వార్డు నర్సు. ఎంత సన్నని నరమైనా ఆమె వేలికి దొరికేది. 2007 వేసవిలో మాత్రం ఒకసారి సూది నరం దాటి, రోగి చెయ్యి వాచింది. వెంటనే కనిపెట్టి తీసేసింది. సాయంత్రానికి వాపు పోయింది, రోగి మర్చిపోయాడు. హైమవతి మర్చిపోలేదు. సూది పట్టుకుంటే చాలు, చెయ్యి వణికేది. వణికినందుకు తనను తాను తిట్టుకునేది, తిట్టుకున్నకొద్దీ ఇంకా వణికేది. చివరికి, ప్రాణంగా చూసుకున్న వార్డు వదిలి రికార్డు గదికి మార్చమని అర్జీ పెట్టుకుంది. సోమవారం మేట్రన్ సంతకం పెడితే ఇక అంతే.

ఆ వారమే నర్సుల మానసిక ఒత్తిడి తగ్గించడానికని ఆసుపత్రివాళ్లు అరుంధతి అనే కౌన్సెలర్‌ను పిలిపించారు. తెలుగావిడే. తప్పు చేసి బాధపడే స్నేహితురాలికి రాసినట్టు మీకు మీరే ఓ ఉత్తరం రాసుకోండి, అందావిడ. హైమవతి మార్జిను కొట్టి మరీ రాసింది.

"విషయం: విధి నిర్వహణలో నిర్లక్ష్యం. మూడు రోజుల్లోగా మీ సంజాయిషీ సమర్పించవలెను. లేనిచో తగు చర్య తీసుకొనబడును."

అరుంధతి నవ్వాపుకోలేకపోయింది. "ఇది ఉత్తరమా, మెమోనా హైమవతిగారూ?"

"మా ఇంట్లో భోజనాల దగ్గర మా ఆయన నోట వినిపించేవి ఇవేనండీ."

"రోగి భయపడినా మెమో ఇస్తారా?"

"అయ్యో, వాళ్లకెందుకండీ! ఏం కాదు నాన్నా, నెమ్మదిగా ఊపిరి పీల్చు, నేనున్నాగా అంటాను."

"అచ్ఛా. ఆ మాట మీకెప్పుడైనా చెప్పుకున్నారా?"

"నాకెందుకు, నేను డ్యూటీలో ఉంటాగా!"

"డ్యూటీలోనే చెప్పుకోండి. పైకే."

శనివారం సదాశివరావు అనే రిటైర్డ్ ఆఫీసరుకు సెలైన్ పెట్టాల్సి వచ్చింది. మొదటిసారి నరం దొరకలేదు. చెయ్యి వణికింది. నోటిదాకా వచ్చిన తిట్టును మింగి, సిగ్గుతో ముఖం ఎర్రబడుతుండగా హైమవతి పైకే అంది: "ఏం కాదు తల్లీ. నెమ్మదిగా ఊపిరి పీల్చు."

"నన్ను తల్లీ అంటావేమిటమ్మా?" అన్నాడాయన ఉలిక్కిపడి.

"మిమ్మల్ని కాదు సార్. నన్నే."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "ఠీక్ హై. నేనూ పీలుస్తా పద. ఒక్కదానివే ఎందుకు?"

ఇద్దరూ కలిసి ఊపిరి పీల్చారు. చెయ్యి వణుకుతూనే ఉంది, కాకపోతే కాస్త తక్కువగా. రెండో చేతికి సూది చక్కగా దిగింది.

ఆ మధ్యాహ్నమే ఆమె మేట్రన్ దగ్గరికి వెళ్లి అర్జీ వెనక్కి ఇమ్మంది. "రీజన్ లిఖ్‌కర్ దో" అందావిడ, కారణం రాసివ్వమని. రాతపని మాత్రం వద్దని బతిమాలి, నోటితోనే చెప్పి కాగితం తెచ్చుకుంది.

ఇప్పుడు హైమవతికి నలభై రెండేళ్లు. అదే వార్డులో పనిచేస్తూ, కొత్తగా చేరిన నర్సులకు సూది వెయ్యడం నేర్పుతోంది.