మెర్సీ రంగు పెన్సిళ్లు, నా కుళ్లు

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్ల ఒకరోజు పొద్దుగాల... మెర్సీ మా గడపల నిలబడి రేకు డబ్బా మూత తీసింది. లోపల వరుసగ రంగు పెన్సిళ్లు. ఒక్కటి గూడ వాడింది కాదు. ముక్కులన్నీ సూదుల లెక్క ఉన్నయి.

"బొంబాయి నుంచి మా చిన్నమ్మ తెచ్చిందే! గీసినంక నీళ్లు ముట్టిస్తే పెయింటింగ్ అయితదంట!"

నా కడుపుల ఏదో మండినట్టయింది...

నాచారంల ఒకటే కాంపౌండ్, రెండు పోర్షన్లు. ఒకదాంట్ల మేము, ఇంకోదాంట్ల మెర్సీ వాళ్లు. మా నాయిన మందుల ఫ్యాక్టరీల షిఫ్టులకు పోయేటోడు. మెర్సీ వాళ్లమ్మ దవాఖానల నర్సు. మా ఇద్దరిదీ ఒకటే బడి, ఒకటే క్లాసు.

కానీ బొమ్మలంటే మాత్రం నేనే! బోర్డు మీద నెమలి గీయాలన్నా, సైన్సు చార్టుల గుండె గీయాలన్నా "స్వప్నను పిలువున్రి" అనేటోళ్లు టీచర్లు. మెర్సీ గీస్తే కుక్కేదో మేకేదో తెల్వకపోయేది. గసోంటి పిల్లకు గా డబ్బా... నాకేమో సగం విరిగిన మైనం రంగులు.

"నువ్వు ఎయ్యవే, నాకెట్లాగూ రాదు కద," అని డబ్బా నా ముందల పెట్టింది మెర్సీ.

దాచుకుంటే గంత బాధ కాకపోయేది. అట్ల మనసుపెట్టి ఇచ్చేసరికి ఇంకా మండింది. "నాకొద్దు, పనుంది," అని లోపలికి పోయిన. పనీ లేదు, పాడూ లేదు. కిటికీల నుంచి చూసుకుంట నిలబడ్డ.

మెర్సీ దగ్గర బ్రష్ లేకుండె. వాళ్లమ్మను అడిగి ఇంత దూది తెచ్చి, పుల్లకు చుట్టి, సర్వ గిన్నెల నీళ్లల్ల ముంచింది. నీలం గీతల మీద మెల్లగ రాసింది. గీతలు మాయమైనయి... కాగితం మీద ఆకాశం పరుచుకున్నది.

"స్వప్నా! జర సూడే!" అని కాంపౌండంత వినపడేటట్టు ఒర్రింది. నేను ఇననట్టే ఉన్న.

ఆ సెలవులన్నీ ఆమె గదే పని. వంకర గీతలన్నీ నీళ్లల్ల కలిసిపోయి, వాన, పొగ, మబ్బు అయ్యేటియి. ఒకరోజు మా అమ్మనే ఒక బొమ్మ చేతుల పట్టుకొని, "అబ్బ, మన గల్లీల నిజంగ వాన పడ్డట్టే ఉందే!" అన్నది. మా అమ్మ! నా బొమ్మలకు ఎప్పుడన్న "మంచిగుంది, పోయి సదువుకో" అనుడే గానీ... ఆ పూట నాకు అన్నం సయించలే.

బడి తెరిసినంక ఉప్పల్ల ఒక ఫంక్షన్ హాల్ల బొమ్మల పోటీ పెట్టిన్రు. వానకాలం మీద ఎయ్యమన్నరు. మెర్సీ తన డబ్బా మా ఇద్దరి నడుమ పెట్టింది. ఈసారి నేను వద్దనలే. ఇగ చూపిస్త అనుకున్న.

బస్ స్టాపు గీసిన. గొడుగులు, మనుషులు, చేతులకు గాజులు, చెప్పుల వారులు... అన్నీ గా పెన్సిళ్లతోనే. అందరు తిరిగి తిరిగి చూస్తున్నరు. అప్పుడు ఆడ ఇచ్చిన బ్రష్ తోని నీళ్లు ముట్టిచ్చిన.

గొడుగుల నలుపంత మొఖాల మీదికి దిగింది. తుడుద్దామని రుద్దితే కాగితం చినిగింది.

పక్కన మెర్సీ ఏం గీసింది? ఒక గొడుగు, దాని కింద తడిసిన రోడ్డు... గంతే. ఫస్ట్ ప్రైజ్ ఆమెకే.

బస్సుల వచ్చేటప్పుడు "ఇద్దరిదే," అని కప్పు నా ఒళ్లె పెట్టింది. నేను బయటికి చూసుకుంట కూసున్న.

ఇంటికొచ్చినంక లోపలి అర్రల గోడ దిక్కు తిరిగి ఏడిసిన. డ్యూటీ నుంచి వచ్చిన నాయిన పక్కన కూసుండి "ఏందిరా?" అన్నడు. "నాకు బొమ్మలొస్తయి. దానికి రావు. మరి అన్నీ దానికేనా?" అన్న.

"దాని బొమ్మ మంచిగుందా?" అన్నడు.

"...మంచిగుంది."

"నీకు కుళ్లు పుట్టింది బిడ్డా. పుడితే పుట్టనియ్యి, మనుషులకే పుడతది. దాన్ని పట్టుకొని ఈడ కూసుంటెనే ఖరాబు. పో, నేర్పుమని అడుగు."

తెల్లారి పోయిన. మా తలుపుకు వాళ్ల తలుపుకు ఎంత దూరమని... అయినా రెండుసార్లు నడుమల నుంచే వాపసొచ్చిన.

"నాకు నేర్పవే."

"నేను... నీకా?" మెర్సీ నమ్మలే. తర్వాత గబగబ చాప పరిచింది. "నువ్వు మస్తు గట్టిగ పట్టుకుంటవే. ముందుగల కాగితం తడుపు. రంగు ముట్టియ్యి. ఇగ నీళ్లు ఎటు పోతే అటు పోనియ్యి."

గా పోనిచ్చుడే నాకు రాలే. చెయ్యి ఊకుండకపోయేది. ఎన్ని కాగితాలు పాడైనయో! చివరికి ఒక పొద్దుగూకే ఆకాశం కుదిరింది. మెర్సీ చప్పట్లు కొట్టింది. నాకు సంతోషమే... కానీ పక్కనున్న ఆమె ఆకాశం ఇంకా బాగున్నది!

తర్వాత వాళ్లు పీర్జాదిగూడకు మారిన్రు. ఇప్పుడు మెర్సీ ఆడనే అపార్ట్‌మెంట్ పిల్లలకు పెయింటింగ్ నేర్పుతది. మొన్న వాట్సాప్ల ఒక బొమ్మ పెట్టింది, వానల రామంతాపూర్ చెరువు. చూడంగనే కడుపుల మళ్లా గదే మంట. ఫోన్ చేసి చెప్పేసిన, "నీ మీద నాకు ఇంకా కుళ్లేనే."

పడి పడి నవ్వింది. "నీ గీతలు చూసి నేనెంత కుళ్లుకున్ననో నీకేం తెలుసు! ఇప్పటికీ ఒక చెయ్యి సక్కగ గీయరాదు నాకు. ఆదివారం రా, నేర్పు."

పోతున్న.

నా బిడ్డ గూడ బొమ్మలేస్తది. ఫోన్ల ఎవరెవరియో చూసి, తనది పక్కకు పడేసి మొఖం ముడుచుకుంటది. గా ఏసినోళ్లు ఏ ఊర్ల ఉంటరో ఏమో... పోయి నేర్పుమని ఎవర్ని అడుగుతది? మా కాలంల కుళ్లుకునెటందుకు గూడ మనుషులు పక్కనే ఉండేటోళ్లు.

మీరు ఎవర్ని చూసి కుళ్లుకున్నరు చిన్నప్పుడు? సిగ్గుపడకున్రి... పేరు గూడ చెప్పున్రి, వాళ్లు గూడ చదువుతున్నరేమో!