బొమ్మలు లేని పేజీలు

ఇది ఇంతకు ముందే రాయాల్సింది. రాయలేకపోయాను. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. అది ఒక కారణం, ఎవరికైనా చెప్పుకోగలిగేది. అక్షరాలు వచ్చాక కూడా మూడేళ్ళు ఊరుకున్నాను. దానికి కారణం వేరు. రాయడం మొదలుపెడితే, మా ఆయన గురించి అచ్చయిన ఒకే ఒక్క కాగితాన్ని నేనే చించానని రాయాలి.

మాది గోదావరి జిల్లా. ఇక్కడ దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర చెక్కలు అడ్డం పెట్టి గదులు చేసిన ఒక విల్లాలో మాదొక గది. నేను చిన్నపిల్లల బడిలో ఆయాను. మా ఆయన సైకిళ్ళ షాపులో మెకానిక్కు. ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు మీద మాత్రం ‘లోడింగ్ లేబర్’ అని ఉంటుంది. ఇక్కడ చాలామందికి చేసే పని ఒకటి, వీసాలో రాసిన పని ఒకటి. మొదట్లో అది పట్టించుకోవలసిన సంగతి అనిపించదు.

అది మామూలు సైకిళ్ళ షాపు కాదు, బీఎంఎక్స్ షాపు. మొదటిసారి చూసినప్పుడు చంటిపిల్లల సైకిళ్ళనుకున్నాను. చిన్న చక్రాలు, కిందకి దిగిపోయిన సీటు, గేర్లు లేవు, బెల్లు లేదు. వాటి మీద ఎక్కి ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. మెట్ల మీంచి దూకుతారు. గాల్లో హ్యాండిల్ గిర్రున తిప్పి మళ్ళీ పట్టుకుంటారు. పడతారు, మోచేతులు గీరుకుపోతాయి, చక్రాలు వంకరపోతాయి. ఆ చక్రాలు మా ఆయన దగ్గరకొచ్చేవి. ఆయన పుల్లల్ని ఒక్కొక్కటీ వేలితో మీటి, చప్పుడు విని, ఏది వదులో ఏది బిగువో చెప్పేవాడు.

గురువారం సాయంత్రం షాపు నిండిపోయేది. తెల్లవాళ్ళు, ఈ దేశం వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, అందరూ నేల మీదే చతికిలపడి ఇంగ్లండు నుంచి, అమెరికా నుంచి వచ్చిన పత్రికలు తిప్పేవారు. ఒక బొమ్మ మీద గంటసేపు వాదించుకునేవారు. షాపు యజమాని గోవా పెద్దాయన. ఆ పత్రికల కోసమే ఒక గోడంతా అరలు చేయించాడు. శుక్రవారం పొద్దున్నే వెళ్ళి షాపు తుడిచేదాన్ని నేను. తాళం నా దగ్గరే ఉండేది.

మా అమ్మ ఒక కిరాణా కొట్లో పొట్లాలు కట్టేది. ఎనిమిదో ఏట నన్నూ పక్కన కూచోబెట్టింది. పరీక్ష పేపర్లు, పాత పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఏవి వచ్చినా చించి, చుట్టి, పప్పూ మిరియాలూ కట్టేవాళ్ళం. అక్షరాలున్న కాగితం అంటే నాకు పొట్లం కాగితమే. బొమ్మలున్నవి మాత్రం అమ్మ పక్కన పెట్టమనేది. పిల్లలకి అట్టలేసుకోవడానికి అమ్మితే ఇంకో రెండు రూపాయలొస్తాయని.

దోహాలో ఇసుక ఎక్కడికైనా దూరుతుంది. డబ్బాల్లో విడిగా పోసిన చైన్లు, నట్లు, బేరింగులు నూనెతో జిడ్డోడుతూ ఉంటే వాటి నిండా ఇసుకే. చూడలేక ఒకరోజు పొట్లాలు కట్టాను. పత్రికల్లోంచి బొమ్మలున్న పేజీలు ముట్టుకోలేదు, జనం చూసేది బొమ్మలే కదా అని. అక్షరాలు మాత్రమే ఉన్న పేజీలు తీశాను. నున్నటి కాగితం, నూనె పీల్చదు. పేజీని రెండు సగాలు చేస్తే ఒక్కో సగానికి ఒక్కో చైను. గోవా పెద్దాయన చూసి “గుడ్, గుడ్” అన్నాడు. ఆ కాగితం ఎక్కడిదో అడగలేదు. అప్పటికే ఆయన ఆ అరల వైపు చూడడం మానేశాడు.

జనం తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. దూకే పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ దేశాలకి వెళ్ళిపోయారు. తరవాత వచ్చినవాళ్ళు ఫోన్లో చూసుకునేవారు. పత్రిక పలచబడింది. నెలనెలా వచ్చేది రెండు నెలలకి, మూడు నెలలకి వచ్చింది. ఆఖరిది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా వారాల తరబడి బల్ల మీద పడి ఉంది. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక గురువారం సాయంత్రాలు మా ఆయనా, గోవా పెద్దాయనా ఎదురెదురుగా కూచుని టీ తాగేవారు. ఈ ఏడాది వేసవి ముందు పెద్దాయన చెప్పేశాడు, నెలాఖరుకి మూసేస్తున్నానని.

ఆ వారమే గురువారం, మా ఆయన ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగాడు.

“ఏవే, నా పేజీ ఏ అరలో ఉందో చూశావా?”

“ఏ పేజీ?” అన్నాను. ఏ పేజీనో నాకు తెలుసు.

ఒకప్పుడు షాపుకొచ్చే ఇంగ్లీషు మాస్టారొకాయన దోహాలో బీఎంఎక్స్ గురించి ఆ పత్రికల్లో ఒకదానికి రాశాడు. చివర్లో రెండు వాక్యాలు మా ఆయన గురించి. చప్పుడు విని చక్రం వంకర తీసే మెకానిక్కు ఇక్కడున్నాడని. వచ్చినరోజే నాకు చూపించాడు. “బొమ్మ లేదేంటండీ?” అన్నాను. “బొమ్మెందుకే, రాశారు కదా!” అని నవ్వాడు. పత్రికని మళ్ళీ అరలోనే పెట్టాడు. ఇంటికి తెస్తే పాడవుతుందట.

“ముఐథర్‌లో కొత్త షాపొకటుంది. శనివారం పదింటికి రమ్మన్నారు. మెకానిక్కు పని చేసినట్టు ఏదైనా కాగితం తెచ్చుకో అన్నారు,” అన్నాడు.

“మీ సేటు రాసివ్వడా?”

“కార్డు మీద ఏముంటే అదే రాస్తాడంట. రూలంట. లేబరని రాసిచ్చి సంతకం పెడతాడు. అది పట్టుకెళ్ళి ఏం చెయ్యను? వీసా మార్చుకోకపోతే ఇంటికే. మరి నువ్వొక్కదానివే ఉంటావా ఇక్కడ?”

“చూద్దాం లెండి. ఎక్కడికి పోద్ది,” అన్నాను.

అన్నం వార్చి మూత పెట్టి మళ్ళీ తీశాను. ఉతికిన బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. కూచుంటే కాళ్ళు ఊరుకోవు.

ఇక్కడ చర్చి ప్రార్థన ఆదివారం కాదు, శుక్రవారం. నాకు బైబిలు పెట్టి తెలుగు అక్షరాలు నేర్పిన కృష్ణా జిల్లా అక్కకి పొద్దున్నే ఫోన్ చేశాను, రానని.

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉందక్కా. పనుంది.”

“ప్రభువు దగ్గరికి రావడం కంటే పెద్ద పనేం వచ్చిందమ్మా నీకు?”

“సైకిల్ చైన్లు విప్పాలి.”

“సరే, విప్పు,” అంది.

షాపు తలుపు లోపల గడియ పెట్టుకుని, ఉన్న డబ్బాలన్నీ నేల మీద బోర్లించాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు మా బడి గోడల మీద అట్టల నుంచి వచ్చాయి. రోజూ తుడిచేదాన్ని, తుడుస్తూ తుడుస్తూ పట్టుబడ్డాయి. మాటలు, టీచర్లు పిల్లలతో మాట్లాడుతుంటే వినివిని వచ్చాయి. ఇప్పటికీ వేలు పెట్టుకుని కూడబలుక్కుంటేగానీ చదవలేను. ‘దోహా’ అన్న మాట మాత్రం బస్సుల మీద రోజూ చూసేదే, దూరం నుంచైనా గుర్తుపడతాను. ఆ మాట కోసం పొట్లం తరవాత పొట్లం విప్పాను. చేతులు నల్లబడ్డాయి. ఒక్కో కాగితం తుడిచి, చూసి, పక్కన పెట్టాను.

వెతికేది ఒకటైతే కంట పడేవి వేరు. ఒకడు మెడ కింది ఎముక విరిగి ఆర్నెల్లకి మళ్ళీ సైకిలెక్కానని రాశాడు. ఇంకొకడు తన ఊళ్ళో షాపు మూసేశారు, ఇక టైర్లెక్కడ కొనాలని అడుగుతున్నాడు. కింద ఎవరో జవాబు చెప్పారు. ఆ జవాబు ఇంకో సగంలోకి పోయింది. నేను కట్టిన పొట్లాల్లో ఇన్నాళ్ళూ ఇంతమంది మాట్లాడుకుంటున్నారు. రెండు మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి అతకాలని చూశాను. ఒక్కటీ కలవలేదు. మధ్యలో లేచి నిలబడ్డాను, మళ్ళీ కూచున్నాను.

మా ఆయన పేజీ వాటిలో లేదు. రెండు డబ్బాలు తక్కువున్నాయి. అవి కిందటి వారం మెసయీద్ కూలీల క్యాంపులో ఉండే తెలంగాణ అబ్బాయి తీసుకెళ్ళాడు. సెలవు రోజున క్యాంపువాళ్ళ సైకిళ్ళు బాగుచేస్తాడు. బీఎంఎక్స్ చైను, కూలీలు డ్యూటీకి తొక్కే సైకిళ్ళకి సరిపోతుంది. బస్సెక్కాను. సగం దూరం సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళాను.

క్యాంపు గేటు బయట షెడ్డు నీడలో అతనూ, ఇంకో ముగ్గురూ ఒక సైకిలు బోర్లించుకుని కూచున్నారు.

“ఏందక్కా, గింత ఎండల గింత దూరం వచ్చినవ్? ఫోన్ జేస్తే నేనే వద్దును గదా.”

“చైన్లు చుట్టిన కాగితాలు కావాలి తమ్ముడూ.”

“చైన్లు వాపస్ కావాల్నా?”

“చైన్లు కాదు. కాగితాలు.”

అతను మిగతావాళ్ళ వైపు తిరిగాడు. “ఇన్నరారా? చైన్లు మనకంట, కాయితాలు అక్కకంట! యల్లా, లేవుండ్రి.” మళ్ళీ నాతో అన్నాడు, “నున్నగున్నయని కొన్ని రూముల పరుసుకొని తిన్నమక్కా. అవి చెత్తల పోయినయి. మిగిలినయి డబ్బాలనే ఉన్నయి, సూద్దాం పా.”

నలుగురూ వెతికారు. ఒకడడిగాడు, “ఏమున్నదక్కా దాంట్ల?”

“మా ఆయన గురించి రాశారు.”

“అబ్బో! పేపర్ల పడ్డడా బావ? ఏం జేసిండు, దొంగను వట్టిండా?”

“సైకిల్ చక్రం వంకర తీశాడు.”

ముగ్గురు గట్టిగా నవ్వారు. నాలుగో అతను నవ్వలేదు. ఎదురుగా బోర్లించిన సైకిలు అతనిదే. వెనక చక్రం పాములా ఊగుతోంది. “నవ్వకుండ్రి. మీకు ఒక్కనికన్నా వస్తదా? పొద్దటి సంది తిప్పుతున్నరు, ఇంక వంకర జేసిండ్రు,” అన్నాడు.

దొరికింది. సగమే దొరికింది. పైసగం. రాసినాయన పేరు కింద ‘దోహా’ అని లావు అక్షరాల్లో ఉంది. ఎండ గురించి, నేల మీద చతికిలపడే కుర్రాళ్ళ గురించి, గోడ అరల గురించి ఉంది. ‘షాపులోకి అడుగుపెడితే’ అన్నచోట కాగితం అయిపోయింది. నేను చింపిన అంచు తిన్నగా ఉంది. అమ్మ నేర్పింది, గోటితో గీసి చించితే తిన్నగా వస్తుందని. కిందిసగం రూములో అన్నం కింద పరిచారో, ఎప్పుడో ఎవరి చైనుతో పోయిందో, ఇక్కడి అరబ్బీలో చెప్పాలంటే మాఫీ. ఇంక లేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన మంచం అంచున కూచుని ఉన్నాడు. కాగితం చేతికిచ్చాను. తిప్పి చూశాడు.

“ఎక్కడ దొరికింది?”

“మెసయీద్‌లో.”

“అక్కడికెలా ఎల్లింది?”

“చైను చుట్టుకుని.”

కాసేపటికి అర్థమైంది ఆయనకి. “నువ్వా?”

“నేనే. ఇదొక్కటే కాదు. బొమ్మలు లేనివన్నీ.”

“నీకు చూపించాను కదే ఆవేళ.”

“చూపించారు. నాకు చదవడం రాదు కదండీ అప్పుడు.”

“వచ్చాక?”

నల్లబడిన చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

“వచ్చి మూడేళ్ళయింది. చైను విప్పినప్పుడల్లా చూసే ఉంటావు. ఒక్కసారి చెప్పుంటే నేనే ఎతుక్కునేవాణ్ణి. అప్పటికి అన్నీ షాపులోనే ఉన్నాయి కదే.”

అరిచుంటే బాగుండేది. అరవలేదు. చించినందుకు కాదు, చెప్పనందుకు ఆయనకి బాధ. నా తరఫున చెప్పుకోవడానికేమీ లేదు. చదువుకోని మనిషిగా చించాను. చదువొచ్చిన మనిషిగా దాచాను.

“రేపు ఎల్లను,” అన్నాడు. “ఏం చూపించను? లేబరు కార్డు చూపించి మెకానిక్కునంటే నవ్వుతారు.” అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన లేవకముందే నేను ముఐథర్ బస్సెక్కాను. షట్టరు ఎత్తుతుండగా వెళ్ళి నిలబడ్డాను. మేనేజరు కేరళ అతను. వచ్చిన హిందీలో చెప్పాను. పదింటికి రావాల్సిన మెకానిక్కు నా భర్త, అతని కాగితాన్ని నేను పొట్లం కట్టేశాను, అందుకు అతను రానంటున్నాడు, తప్పు నాది అని. సగం కాగితం చూపించాను. చదివాడు.

“చేచీ, కాగితం తెమ్మని అందరికీ అంటాం. ఎవరు చూస్తారు?” అన్నాడు. చేచీ అంటే వాళ్ళ భాషలో అక్క. లోపల వరసగా ఎలక్ట్రిక్ స్కూటర్లు. మూలన దుమ్ము పట్టిన బీఎంఎక్స్ సైకిళ్ళు రెండు, ఒకదాని మీద ఒకటి ఆనించి ఉన్నాయి. “ఇవి కొనేవాడు లేడు. స్కూటర్ బ్యాటరీ విప్పడం వచ్చా ఆయనకి?”

వచ్చు అనబోయాను.

“రాదు,” అన్నాను.

అతను నన్ను చూశాడు. వాకిట్లో సామాను డెలివరీ చేసేవాళ్ళ సైకిళ్ళు ఏడెనిమిది పడి ఉన్నాయి, చక్రాలు వంకరపోయి. “ముదీర్, అదే మా పెద్దసారు, పదింటికొస్తాడు. ఈలోపు వచ్చి వాటిలో ఒకటి సరిచెయ్యమనండి. చేతిపని చూస్తాడు. మిగతాది ఆయనిష్టం.”

మా ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు.

“కాగితం అడగరంట. పనిబట్టలతో రండి, పుల్లలు బిగించే మీ రెంచీ తెచ్చుకోండి. బ్యాటరీ పని రాదని చెప్పేశాను.”

“ఎవరికి చెప్పావే? ఎక్కడున్నావు నువ్వు?”

చెప్పాను. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. బస్సు నంబరు రెండుసార్లు చెప్పి, రోడ్డు దాటి, స్టాపు దగ్గర ఎండలోనే నిలబడి వచ్చే ప్రతి బస్సూ చూశాను.