గింజల చప్పుడు

మా కాక, నాన్నకు తమ్ముడు, ఎనుమాముల మార్కెట్లో ఎండుమిర్చి చేతికందితే ముందు చెవి దగ్గర ఊపేవాడు. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. కానీ పడుచుతనం నుంచీ స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి అలా చెవికి ఆనించుకుంటే, మా ఇంట్లో అందరికీ గుండె దడే.

గోళీలు ఎక్కువైతే మత్తుగా కూర్చుని ఏ కాయా ముట్టేవాడు కాదు. తక్కువైతే గింజలతో పాటు ఎవరెవరో మాట్లాడేవారు. వయసు పైబడి చేతులు వణుకుతున్నాయని డాక్టరమ్మ మళ్లీ మోతాదు తగ్గించిన వారం, భయంతో ఆయన వెంటే మార్కెట్‌కు వెళ్లాను. కాయను ఊపాడు. ఎంతసేపటికీ చెవి దగ్గర నుంచి దించలేదు.

"ఏమినవడ్తాంది కాకా?" అన్నాను.

"గింజలే బిడ్డా."

ఆ కాయనే నా చెవి దగ్గర పెట్టి ఊపాడు.

"జర నువ్వు గూడ ఇను. గింజలేనా?"