రెండో ఓటు అడుక్కున్న సారు

మా ఆయన ఆ కాలేజీకి వాచ్‌మన్. భద్రాచలం అడవి మొదలయ్యే చోట, యూనివర్సిటీ వాళ్ళు పెద్ద చదువుల కోసమని రేకుల షెడ్లు వేసి పెట్టిన కాలేజీ అది. ఒక వానాకాలం జ్వరమొచ్చి ఆయన పోతే, నన్ను రోజుకూలీ కింద పెట్టుకున్నారు. పొద్దున గేటు తీయాలి, గదులు ఊడ్వాలి, కుండల్లో నీళ్ళు నింపాలి, సార్లకు చాయ్ కాయాలి. సెలవొస్తే కూలి లేదు. ఎండాకాలం కాలేజీ మూస్తే ఎండాకాలమంతా లేదు.

ఆయన నౌకరి నాకు పర్మినెంటుగా ఇవ్వాలని అర్జీ పెట్టించాను. నాకు సంతకం వరకే వచ్చు, రాసింది వేరేవాళ్ళు. అది ఇవ్వడానికి ప్రిన్సిపాల్ సారు చాలడట, యూనివర్సిటీని నడిపే పెద్దలంతా కూర్చుని ఒప్పుకోవాలట. వాళ్ళను పాలక మండలి అంటారు. నా సంగతి అక్కడికి పోయి కూర్చుందనీ, ఇంకా లేవలేదనీ అడిగినప్పుడల్లా చెప్పేవారు.

ఎనభైల్లో ఒక ఏడు ఆ మండలికి ఎన్నికలొచ్చాయి. పాఠాలు చెప్పేవాళ్ళ తరఫున అందులో ఒక కుర్చీ ఉంటుంది. నిలబడేది సార్లే, ఓట్లు వేసేది సార్లే. సర్పంచ్ ఎన్నికలు చూసినదాన్ని నేను. సారా పోయడం, కోళ్ళు కోయడం, తెల్లారి తలలు పగలగొట్టుకోవడం నాకు తెలుసు. చదువుకున్నవాళ్ళ ఎన్నికలు వేరే తీరుగా ఉంటాయనుకున్నాను. ఉన్నాయి కూడా.

అప్పటిదాకా స్టాఫ్ గదిలో ఒకరి కుర్చీలో ఒకరు కూర్చుంటే నెల రోజులు మాటలుండేవి కావు. ఎన్నికలనగానే ఎదురుపడితే దండం, పక్కకు పోతే దండం. యూనివర్సిటీ ఉన్న పట్నం నుంచి జీపులొచ్చాయి. జీపు దిగిన ప్రతి సారూ "అడవిలో ఉండి మీరు చేస్తున్న సేవ" అని మొదలుపెట్టేవాడు. మా సార్లలో సగం మంది ఆ సేవను శుక్రవారం మధ్యాహ్నం బస్సుతో ఆపేసి, సోమవారం మధ్యాహ్నం బస్సుతో మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. పోయేటప్పుడు ఆ జీపుల్లో తేనె సీసాలు, వెదురు బుట్టలు ఎక్కేవి. ఒకాయన టేకు మంచం కట్టించుకుని పోయాడు. మా ఊళ్ళో ఓటు అడగడానికి వచ్చినవాడు ఏదో ఒకటి ఇచ్చి పోతాడు. ఇక్కడ పట్టుకుని పోయారు.

మా కాలేజీ నుంచి నిలబడింది రాజకీయ శాస్త్రం చెప్పే సారు. దేశాల్లో రాజులెట్లా పోయారో, ఓట్లెట్లా వచ్చాయో బల్ల గుద్ది చెప్పేవాడు. నేను వరండా ఊడుస్తూ చాలా రాజ్యాలు పడిపోవడం విన్నాను. నామినేషన్ వేసి వచ్చిన రోజు నన్ను పిలిచాడు.

"చూడమ్మా, నేను గెలిచి ఆడ కూసున్ననంటే మొదటి మీటింగుల మొదటి మాట నీదే. నీ పెనిమిటి నౌకరి నీకు ఇప్పియ్యకుంటే నా పేరు మార్చుకుంట."

"మీరు గెలుస్తరా సారూ?"

"నువ్వు దేవునికి మొక్కు. మిగిలింది నేను చూసుకుంట."

మొక్కాను. అబద్ధమెందుకు, ఆ రోజు నుంచి ఆయన చాయ్‌లో చక్కెర కూడా ఎక్కువ వేశాను. సంతకు పోయి తేనె తెచ్చి, వడగట్టి, సీసాల్లో పోసి ఇచ్చాను. ఆ సీసాలు స్కూటర్‌కు తగిలించుకుని ఆయన ఖమ్మం, కొత్తగూడెం కాలేజీలన్నీ తిరిగాడు. ఆయన గెలవాలని ఆయన భార్య మొక్కిందో లేదో గానీ నేను మాత్రం గట్టిగా మొక్కాను. గెలిస్తే ఆవిడకు వచ్చేదేముంది, నాకు ఎండాకాలం కూడు వస్తుంది.

వాళ్ళ ఓటు మన ఓటులాగా ఒక గుర్తు మీద ముద్ర కొట్టి వచ్చేది కాదు. కాగితం మీద నిలబడినవాళ్ళందరి పేర్లూ ఉంటాయి. అందరికంటే ఎక్కువ కావాల్సినవాడికి ఒకటి వేయాలి, ఆ తర్వాతివాడికి రెండు వేయాలి, అట్లా కిందికి పోవాలి. ఒకరోజు నేను చాయ్ పట్టుకుపోయేసరికి మా సారు, ఆయన దోస్తు చరిత్ర సారు ఇదే ముచ్చట్లో ఉన్నారు.

"అన్నా, నీకు ఒకటో ఓటు ఎంతమంది ఏస్తమన్నరే?" అని చరిత్ర సారు అడిగాడు.

"ఒకటోది అడుగుతలేను."

"మరి?"

"అది అడిగితే మొహమాటమే. ఒకడు కులపోనికి అంటడు, ఒకడు పీహెచ్‌డీ చేయించినోనికి అంటడు, ఒకడు పరీక్ష పేపర్లు దిద్దనిచ్చేటోనికి అంటడు. కాదన్నంక వాని ఇంట్ల చాయ్ ఎట్ల తాగాలె? అందుకే పోంగనే చెప్తున్న, మీ ఒకటోది మీ ఇష్టమొచ్చినోనికి ఏసుకోండి, రెండోది నాకియ్యిండ్రి అని. ఒక్కడు కాదంటలేడు."

"అందరు రెండోదే ఇస్తే ఎట్లనే?"

"అందరి దగ్గర రెండోది నాదే అయితే నాకంటె ఎక్కువ ఎవనికుంటయ్? ఎన్నేండ్లసంది ఇదే పాఠం చెప్తున్న, నాకే లెక్క చెప్తవా?"

మా దిక్కు వాళ్ళు ఇంటికి వచ్చి అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపరు. రెండో ఓటు ఇవ్వడానికి ఎవరికి ఏం పోయింది? తేనె సీసా లోపల పెట్టుకుని, రెండోది ఇచ్చి పంపారు. ఆయన పొంగిపోతూ తిరిగొచ్చేవాడు. నాకూ అది మంచి ఉపాయంగానే తోచింది.

ఓట్ల రోజు అందరూ ఇస్త్రీ బట్టలతో వచ్చారు. ఓటు వేసి బయటికి వచ్చిన ప్రతి మనిషీ మా సారు చెయ్యి పట్టుకుని "మాట తప్పలేదన్నా" అన్నాడు. నిజంగానే ఎవరూ తప్పలేదు. అడిగినవాడికి అడిగింది ఇచ్చి నిజం చెప్పిన ఓటర్లను నేను ఆ ఒక్కసారే చూశాను.

లెక్కింపు పట్నంలో. మా సారు కొత్త సఫారీ వేసుకుని, చరిత్ర సారును వెంటబెట్టుకుని పోయాడు. తిరిగి చరిత్ర సారు ఒక్కడే కాలేజీకి వచ్చాడు. ఆయన ముందు చాయ్ పెట్టి, అక్కడే నిలబడ్డాను.

"ఏమైంది సారూ?"

"ముందుగాల అందరియీ ఒకట్లు లెక్కపెడ్తరమ్మా. ఎవనికి అందరికంటె తక్కువుంటే వాణ్ణి తీసి పక్కకు పెడ్తరు. మనోనికి ఒకటే ఉండె."

"ఎవరేసిన్రు అది?"

"ఆయనే ఏసుకున్నడు."

"మరి మీరు?"

చరిత్ర సారు చాయ్ ఊదుకున్నాడు. "ఆయన అడిగిందే ఇచ్చిన. రెండోది."

"గా రెండో ఓట్లన్నీ ఏమైనయ్ సారూ?"

"మనిషే పోటీల లేకుంటయినంక గవి ఎవనికి కావాలె? కాయితాల మీద అట్లనే ఉన్నయ్."

నవ్వు రావాల్సిన మాటే. నాకు రాలేదు. సారుతో పాటు నా నౌకరి కూడా పక్కకు పోయిందని తెలుస్తూనే ఉంది.

అది చాలదన్నట్టు ఆ వారంలోనే ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచాడు.

"రేపటిసంది పొద్దుగాల గేటుకాడ ఉండకమ్మా. ఎనక వంట షెడ్డుకాడ ఉండు."

"ఎందుకు సారూ?"

"సారు లెక్కింపుకు పోయేనాడు నువ్వే ఎదురొచ్చినవంట గదా. మొగడు పోయినదానివి. ఆయన మనసుల పెట్టుకున్నడు."

"గేటు తీసేదాన్నే నేను. నేను ఎదురు రాకుంటే ఆయన గోడ దుంకి పోతుండెనా?"

"ఎక్కువ మాట్లాడకు. రోజుకూలీదానివి, అసలుకే రావద్దంటే ఏం చేస్తవ్?"

ఏం చేస్తాను, వెనక్కి పోయాను. ఒకటో ఓటు అడగడానికి మొహమాటపడ్డ మనిషికి, నా బొట్టు లేని మొహం మీద ఓటమి రుద్దడానికి మొహమాటం లేకపోయింది. అన్ని రాజ్యాలు ఎందుకు పడిపోయాయో తెలిసినాయన, తాను ఎందుకు పడ్డాడో అట్లా కనుక్కున్నాడు.

గెలిచింది టేకు మంచం పట్టుకుపోయినాయన. ఆయనకు మా కాలేజీలో సన్మానం పెట్టారు. అందరికంటే పెద్ద దండ మా సారుదే. "నేను పోటీల ఉన్నా నా మనసు వీరి దిక్కే ఉండె" అని మైకులో చెప్పాడు. వేదిక మీదికి మంచినీళ్ళు కావాల్సి వచ్చాయి. ముందుకు రావద్దని నాకు చెప్పారు గానీ, నీళ్ళు తెచ్చే మనిషిని ఇంకొకరిని చూసుకోలేదు. నేనే పట్టుకుపోయాను. గెలిచినాయన ముందు గ్లాసు పెట్టి, పక్కకు జరగలేదు.

"సారూ, ఈడ వాచ్‌మన్ చేసి సచ్చిపోయినాయన పెండ్లాన్ని నేను. ఆయన నౌకరి మీ మండలిల ఆగి ఉన్నది. ఎన్నికలప్పుడు ఇప్పిస్తమని మాట ఇచ్చిన్రు."

గెలిచినాయన నా మొహం చూశాడు, పైకప్పు చూశాడు. జీపెక్కి తిరిగిన నెలలో ఎక్కడ ఏం మాట ఇచ్చాడో ఆయనకు మాత్రం ఎట్లా గుర్తుంటుంది? "నేనే ఇచ్చిన్నా?" అని మెల్లగా అడిగాడు. నేను గ్లాసు ఆయన ముందుకు ఇంకొంచెం జరిపాను. మాట ఇచ్చినాయన అదే వేదిక మీద రెండు కుర్చీల అవతల కూర్చుని, చేతి గడియారానికి చావి తిప్పుకుంటున్నాడు.

గెలిచినాయన లేచి మైకు పట్టుకున్నాడు. "ఇచ్చిన మాట తప్పే మనిషిని కాదు. ఈమె పని నేను చేయిస్త" అన్నాడు. మొదట చప్పట్లు కొట్టింది మా సారే.

మాట మైకులో అన్నాడు కాబట్టి చేయక తప్పలేదు. మళ్ళీ వానలు పడేనాటికి ఆర్డరు వచ్చింది. నేనే పోరాడి ఇప్పించిన అని మా సారు స్టాఫ్ గదిలో చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, నేను కాదనలేదు. ప్రిన్సిపాల్ సారు జాయినింగ్ కాగితం మీద నా సంతకం తీసుకుని, "డ్యూటీ ఏడ చేస్తవమ్మా?" అని అడిగాడు.

"గేటుకాడ సారూ, పొద్దుగాల" అన్నాను.

ఇప్పుడు నేను పర్మినెంటు. ఆయన కాదనలేదు. మర్నాటి నుంచి మా సారు స్కూటర్ మీద వస్తూ, గేటు దగ్గర మొహం అవతలికి తిప్పుకుని లోపలికి పోయేవాడు. నేను గేటు బార్లా తీసి పట్టుకుని, ఆయనకు బాగా వినపడేట్టు "నమస్తే సారూ" అనేదాన్ని. నా నౌకరి ఉన్నన్ని రోజులూ అన్నాను.