తలకాయ లేని చేప

మా ఇంటికి వచ్చే చేపకు ఎప్పుడూ తలకాయ ఉండేది కాదు. తోక ఉండేది, రెక్కలు ఉండేవి, ఒక్కోసారి కడుపులో గుడ్లు కూడా ఉండేవి. మెడ కాడికి వచ్చేసరికి నున్నగా కోసేసి ఉండేది. ఆ తలకాయ మా ఇంటికి మూడిళ్ళ అవతల, డ్రిల్లు మేస్టరు ఇంట్లో ఉడికేది. ఆదివారం పొద్దు గూకే వేళకు ఆ పులుసు వాసన వీధంతా పాకతా వచ్చి మా వంటింట్లో దూరేది. నేను మొండెం ముక్కలు సట్టిలో ఏస్తా, గరిటె పట్టుకొని కుతకుతలాడిపోయేదాన్ని. పులుసు కంటే ముందు నేను ఉడికేదాన్ని.

మాది తిరపతి. డెబ్బైల చివర్లో మాట ఇది. మా ఆయనకు స్టేషనుకు పోయే దోవలో గడియారాలు రిపేరు చేసే చిన్న కొట్టు ఉండేది. కంటికి అద్దం బిగించుకొని పొద్దస్తమానం ముల్లు కంటే సన్నటి సామాన్లతో కుస్తీ పట్టే మనిషి. నోట్లోంచి మాట రాదు. ఇంటికొచ్చినా అంతే. "అన్నం పెట్టు", "చెంబు ఇయ్యి", అంతటితో ఆయన మాటలు అయిపోయేవి. అట్లాంటి మనిషికి చేపల పిచ్చి పట్టించినాడు డ్రిల్లు మేస్టరు.

మేస్టరుది నాయుడుపేట అవతల సముద్రం పక్క పల్లె. ఉద్యోగానికొచ్చి మా వీధిలో కుదురుకున్నాడు. ఆయనా, మా ఆయనా, ఒక బస్సు కండక్టరూ, వక్కాకు అంగడాయనా, నలుగురూ కలిసి ఒక పాత చిన్న పడవ కొని మేస్టరు పల్లెలోనే ఒడ్డున పెట్టుకున్నారు. వారం వారం కాకపోయినా, వీలైన శనివారమల్లా సాయంత్రం బస్సెక్కేవాళ్ళు. కాళహస్తిలో మారి, నాయుడుపేటలో మారి, ఆదివారం తెల్లారేసరికి సముద్రం మీద ఉండేవాళ్ళు. మళ్ళీ సాయంత్రానికి గంపలో ఐసూ, రంపపు పొట్టూ, చేపలూ వేసుకొని దిగేవాళ్ళు. కొండ కింద ఊర్లో కాపురం ఉండి సముద్రంలో చేపలు పట్టేదేందబ్బా అని నేను నెత్తి కొట్టుకుంటే, మా ఆయన గమ్మున నవ్వేవాడు.

ఆ పడవలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవురు చెప్పిన ఉపాయంతో చేప పడితే, దాని తలకాయ వాళ్ళది. మిగతాది పట్టినోళ్ళది. "ఈడ కాదు, ఆ నీళ్ళ రంగు మారిన కాడ ఎయ్యి", "ఇంకో బార దారం వదులు", "రొయ్య తీసేసి చిన్న చేప గుచ్చు", ఇట్లా ఎవురి మాట పని చేస్తే వాళ్ళకు ఆ మర్యాద. ఒడ్డుకు రాంగానే కత్తితో కోసి చేతిలో పెట్టాల. వినేదానికి బాగానే ఉండాది. కానీ సముద్రం పక్కన పుట్టి పెరిగినోడితో గడియారాలు తిప్పేవాడు ఉపాయంలో గెలుస్తాడా? కట్టుబాటు పెట్టింది మేస్టరు, తలకాయలు తినేదీ మేస్టరే.

పైగా ఆయన నోరు ఊరుకోదు. ఆదివారం సాయంత్రం నేను బిందెతో వీధి కొళాయికి పోతా ఉంటే, అరుగు మీద కాలు మీద కాలేసుకొని కూర్చొని, "ఏమ్మా, వాసన సూస్తివా? మీ ఇంటిదాకా వచ్చిందా?" అని కేక పెట్టేవాడు. నాకు ఒళ్ళు భగభగ మండేది. పెద్దాయన, ఏమంటాను? "వచ్చింది లెండి" అని పండ్లు కొరుక్కుంటా పోయేదాన్ని. కొళాయి కాడ ఆయన భార్య ఎదురయ్యేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని, లోపల మాత్రం ఇంకేందో అనుకునేదాన్ని. సన్నగా, నెమ్మదిగా ఉంటాది మనిషి. "ఏమక్కా, ఈ వారం కూడా తలకాయ పులుసేనా?" అని అడిగితే, "అవును, ఆయనకు బలే ఇష్టం" అని చెప్పి బిందె ఎత్తుకొనేది. ఎప్పుడడిగినా అదే మాట. ఒక్క ముక్క పెడదామని గాని, రుచి సూడమని గాని అనేది కాదు. ఎంత పిసినారిదో సూడు అనుకునేదాన్ని.

నిజం చెప్పాలంటే, నా కడుపుమంట తలకాయ ఒక్కదానికే కాదు. శనివారం బస్సెక్కే ముందు ఆ నలుగురూ మేస్టరు అరుగు మీద చేరి గాలాలు సవరించుకునేవాళ్ళు. ఆ మాటలు వినాల మీరు! "దారం చేతికి చుట్టుకోబాకప్పా, పెద్దది లాగితే వేలు తెగిపోతాది." "తగిలీ తగలంగానే లాగొద్దు, మింగనీ, దాని పాటికి దాన్ని పోనీ, అప్పుడు లాగు." "ఖాళీ కడుపుతో పడవెక్కితే వాంతులే. రెండు ఇడ్లీలు తిను, నిమ్మకాయ జేబులో ఏసుకో." కండక్టరు కొత్త గాలం తెస్తే నలుగురూ దాన్ని చేతులు మార్చుకొని సూసేవాళ్ళు. అంగడాయనకు అల తగిలి తెడ్డు జారిపోయిన కథ ప్రతి వారం కొత్తగా చెప్పుకొని పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్ళు. అందులో అందరికంటే గట్టిగా వినపడే నవ్వు ఎవురిదనుకున్నారు? మా ఇంటాయనది! నా దగ్గర పెదవి విప్పని మనిషి ఆడ ముడుల గురించి పావుగంట మాట్లాడేవాడు. కిటికీ కాడ నిలబడి వింటా, ఆ పడవ నడి సముద్రంలో మునిగితే బాగుండు అనుకునేదాన్ని. వెంటనే, మనుషులు ఒడ్డుకు చేరినాక మునగాల స్వామీ అని కొండ వైపు తిరిగి చేతులు ఎత్తేదాన్ని.

ఒక శనివారం ఆయన మొహం వేలాడేసుకొని కూర్చున్నాడు. ఏమని అడిగితే, చెప్పక చెప్పక చెప్పినాడు. రొయ్యను గాలానికి గుచ్చితే అల తాకిడికి జారిపోతా ఉండాదంట. లేకపోతే చిన్న చేపలు కొరుక్కొని పోతా ఉండాయంట. మేస్టరుకు కూడా దోవ తోచలేదంట. నాలుగు వారాల నుంచి పెద్ద చేప ఏదీ పళ్ళేదని నాకూ తెలుసు.

నేనప్పుడు దేవుని పటానికి పూలు కడతా ఉన్నాను. "గుచ్చితే నిలస్తాదా? కట్టాల" అన్నాను.

"రొయ్యను కట్టేదేందే?"

"పూలు కట్టినట్టే కట్టు. ఇట్లియ్యి."

శనివారం మా ఇంట్లో నీసు లేదు, రొయ్య యాడనుంచి తెచ్చేది? ఆయన సంచిలోంచి గాలం తీసి, ఒక మల్లెమొగ్గ దానిమీద ఆనించినాను. దారం వేలికి మెలేసి, మొగ్గ కింద నుంచి పోనిచ్చి లాగినాను. మళ్ళా ఒక మెలిక. అది మేము చిన్నప్పట్నుంచీ కట్టే ముడే. పువ్వు నలగదు, జారిపోదు. ఆయన గాలాన్ని విదిలించినాడు, చెంబు నీళ్ళల్లో ముంచి ఆడించినాడు. మొగ్గ కదల్లేదు. కంటికి అద్దం పెట్టుకొని మరీ ఆ ముడి సూసినాడు. మళ్ళా కట్టమన్నాడు. ఆయన వేళ్ళు గడియారాలకు అలవాటు పడినవి కదా, రెండోసారికే పట్టేసినాడు. ఆపూట మేము మాట్లాడుకున్నంత పెళ్ళయినాక ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాకు మనసులో మతాబులు కాలినట్టుండింది.

మర్నాడు సాయంత్రం గంప దించి, పైనున్న అరిటాకు తీసినాడు. తలకాయ! పండుగప్ప తలకాయ, నా రెండు అరచేతులకూ పట్టనంత. కట్టిన ఎరతో మేస్టరుకు ఆ చేప పడిందంట. కట్టుబాటు ప్రకారం ఒడ్డు మీదనే కోసి మా ఆయన చేతిలో పెట్టినాడంట. నా సామిరంగా, ఆ రోజు నేను చింతపండు నానేసిన తీరు, ఎర్రగడ్డలు తరిగిన తీరు సూడాల్సింది! వీధి వైపు కిటికీ రెండు రెక్కలూ తెరిచిపెట్టి మరీ వండినాను. "నువ్వూ తిను" అని మా ఆయన చెంప ముక్కంతా నా అన్నం తట్టలో ఏసినాడు. ఎన్నాళ్ళ ఆశో అది. ఎముకలు కూడా చప్పరించినాను.

తెల్లారి కొళాయి కాడికి గెంతుకుంటా పోయినాను. అక్క నన్ను చూసి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

"తినకేమక్కా, చెంపంతా నేనే తిన్నాను" అని గొప్పగా చెప్పినాను. ఆమె మొహం అదో మాదిరిగా అయిపోయింది. ఏడువు, నీకూ తెలిసిందా ఇప్పుడు, అని లోపల సంబరపడినాను.

ఆ సంబరం బిందె నిండేదాకా కూడా నిలవలేదు. "మీ ఆయన బుర్రే బుర్ర అమ్మీ" అనింది అక్క. "పూలంగడి కాడ నిలబడి సూసి కనిపెట్టినాడంట కదా ఆ ముడి. మా ఆయన రాత్రంతా అదే పొగడడం."

పూలంగడి కాడ! బిందె పొంగి పొర్లిపోతా ఉన్నా నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ మేస్టరు ఇంటి మీద ఏడ్చినాను. ఇప్పుడు నా ఇంట్లోనే, నా మొగుడి మీదనే కుళ్ళు పుట్టింది. నా వేళ్ళు కట్టిన ముడికి ఆ నలుగురూ ఆయన వీపు తట్టినారు. ఆ నవ్వుల్లో, ఆ మాటల్లో నా మాట ఒకటి చేరింది, చేరినట్టు ఎవురికీ తెలియదు.

ఇంటికి పోయి నిలదీసినాను. "పూలంగడి కాడ ఏ అంగడామె నేర్పించింది నీకు?"

ఆయన తల దించుకున్నాడు. "పెండ్లాం చెప్పిందంటే నవ్వుతారే. వాళ్ళ సంగతి నీకు తెలీదు."

"నవ్వితే రాలిపోతావా? తలకాయ తినేదానికి నోరుండాది, పేరు చెప్పేదానికి లేదా? ఉపాయం చెప్పినోళ్ళదే తలకాయ అని మీరే కదా కట్టుబాటు పెట్టుకున్నేది! నువ్వు పడవలో నా పేరు చెప్పిందాకా ఈ ఇంట్లో చేప ఉడకదు. తెచ్చినా సరే, ఎత్తి కుక్కలకేస్తాను."

అన్నంత పనీ చేసినాను. తర్వాతి వారం చేపలు తెస్తే కండక్టరు ఇంటికి పంపించేసినాను. కుక్కలకెయ్యడానికి మనసు రాలేదు, అంతే. ఆయనకు పప్పుచారు పోసి, నేనూ అదే తాగినాను. ఆ వారం చోటు చూపించింది మేస్టరేనంట, ఆయన ఇంటి నుంచి తలకాయ పులుసు వాసన రాంగానే కిటికీ మూసినాను. ఆయన నా వైపు సూస్తాడు, నేను గోడ వైపు సూస్తాను. అట్లానే ఇంకో వారం కూడా గడిచింది. ఈ మనిషి చెప్పడు, నా బతుకు ఇంతే అని నాకు ఏడుపొచ్చేది.

ఆ పై ఆదివారం ఆయన వచ్చి గంప నా ముందర పెట్టినాడు. నేను కదల్లేదు. ఆయనే గోనె తీసినాడు. నిండు చేప. తోక నుంచి మూతి దాకా, కండ్లతో సహా.

"నేను పట్టినాను. నీ ముడితో. నీ చేప, నీ తలకాయ" అన్నాడు.

"చెప్పినావా?"

"చెప్పినాను."

"నవ్వినారా?"

"బస్సు దిగేదాకా నవ్వినారు. మేస్టరు అయితే ఊపిరాడక దగ్గినాడు." గోనె మడిచి పక్కన పెడతా, "దిగేటప్పుడు మాత్రం, ఇంకో ముడి ఏమైనా తెలుసేమో అడగప్పా అన్నాడు" అన్నాడు.

ఇంట్లో తొట్టి నిండా నీళ్ళుండినాయి. అయినా కత్తీ, చేపా తట్టలో పెట్టి, దాన్ని రెండు చేతులా ఎత్తుకొని, మేస్టరు ఇంటి ముందర నుంచే వీధి కొళాయికి నడిచినాను. అక్క ఆడనే ఉండింది. ఆమె ఎదురుగా కూర్చొని చేప తలను ఆమె వైపే తిప్పి పెట్టి పొలుసు గీకడం మొదలుపెట్టినాను. సూసి ఏడువు అనే కదా నేను పోయింది!

ఆమె చాలాసేపు ఆ తలకాయనే సూసింది. "నీకు మళ్ళా పెడతాడా?" అనింది మెల్లగా.

"పెట్టేదేంది, నాదే ఇది."

"అదృష్టవంతురాలివి అమ్మీ. మా ఇంట్లో తలకాయంతా ఆయనదే. ఇన్నేండ్లూ వండినానే గాని నోట్లో పెట్టుకొని ఎరగను. ఆయనకు తోచదు, నేను అడగను. ఎట్లుంటాది చెంప ముక్క?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఇన్నేండ్లు నేను ఏ వాసనకు కుళ్ళినానో, ఆమెకూ ఆ వాసనే మిగిలింది. రెండిళ్ళల్లో ఇద్దరం ఒకే పులుసును పీల్చినాము.  తలకాయ కోసి, కత్తి ఎత్తి దాన్ని నడిమికి రెండుగా కొట్టినాను. "ఈ సగం నీది" అన్నాను.

"ఇంటికి తీసుకపోతే ఆయన తట్టలోకే పోతాది" అనింది.

"ఇంటికెందుకు తీసుకపోతావు? మా ఇంటికి రా."

పులుసు ఉడికే వేళకు మగవాళ్ళు మా అరుగు మీద చేరి గాలాలు కడుక్కుంటా ఉన్నారు. నేనూ అక్కా వంటింట్లో పొయ్యి పక్కన కింద కూర్చున్నాము. ఆమె చెంప ముక్క తీసి ముందు వాసన సూసింది, అలవాటు కదా. తర్వాత నోట్లో పెట్టుకొని కండ్లు మూసుకుంది.

బయటి నుంచి మేస్టరు కేక పెట్టినాడు. "ఏమ్మా, పులుసు ఘుమఘుమలాడతా ఉండాది! ఒక ముక్క ఇట్లా పంపిస్తావా?"

అక్క కండ్లు తెరిచి నా వైపు సూసింది. నోరు ఖాళీ లేదు ఆమెకు. జవాబు నేనే చెప్పినాను.

"వాసన సూడండి మేస్టరూ, అరుగు దాకా వచ్చింది కదా!"