మైకక్కకు నాలుకలు కావాలి

కాలేజీ క్యాంటీన్‌లో మైకక్క గొంతెత్తిందంటే, మూడో అంతస్తులో పాఠం చెబుతున్న మాస్టారు కూడా ఒక్క క్షణం ఆగి, ఇవాళ ఏం కూరో తెలుసుకుని, మళ్ళీ పాఠంలో పడాల్సిందే. మైకు అవసరమే లేని మనిషికి మైకని పేరెందుకు పెట్టారో ఆ పెట్టిన పిల్లలకే తెలియాలి. వాళ్ళు చదువులు ముగించుకుని ఎటో వెళ్ళిపోయారు. పేరు మాత్రం ఉండిపోయింది.

పిల్లల భోజనాల సంగతి తెలిసిన రోజున ఆ గొంతు ఇంటికి వెళ్ళేదాకా ఆగలేదు. సైకిళ్ళు బాగుచేసే కొట్లో ఉన్న మొగుడికి అక్కడికక్కడే ఫోన్ కొట్టింది.

"ఏవండీ! ఒప్పుకున్నారండీ! పిల్లలకి మధ్యాహ్నం అన్నం ఊరికే పెట్టమన్నారండీ!"

"ఫోనెందుకే, డబ్బులు దండగ. కిటికీలోంచి అరిచినా వినపడేదిగా," అన్నాడాయన ఫోన్ని చెవికి దూరంగా పట్టుకుని. అన్నాడే గానీ ఆయనకీ సంతోషమే. ఆవిడ క్యాంటీన్ మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని ఎన్నాళ్ళు పోరిందో ఆయనకు తెలుసు.

విషయమేమిటంటే, ఆ కాలేజీలోనే చదువుకుని బాగుపడ్డవాళ్ళు కొందరు కలిసి ఓ నిధి పెట్టారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న పిల్లలకు ఫీజులో సగం వాళ్ళు కడతారు, రోజూ మధ్యాహ్నం కడుపు నిండా భోజనం పెట్టిస్తారు. వండేది మైకక్క, వడ్డించేది మైకక్క. ఇంకేం కావాలి? అసలే వడ్డన దగ్గర ఆవిడ చేతికి ఎముక లేదు.

ఇంతకీ ఆవిడకెందుకింత ఆరాటం అంటే, ఓ డబ్బా వల్ల.

బల్లల దగ్గర ఎవరేం తింటున్నారో మైకక్క చూడదు. ఎవరు తినడం లేదో చూస్తుంది. వంటమనిషి కన్ను అలాంటిది. కిటికీ పక్కన కూర్చునే ఒకమ్మాయి రోజూ టిఫిన్ డబ్బా తెచ్చుకుంటుంది. మూత అడ్డంగా నిలబెట్టుకుని, తల వంచుకుని, చెంచాతో తింటుంది. తర్వాత అందరితోపాటు కుళాయి దగ్గరికి వచ్చి డబ్బా కడుక్కుంటుంది. అందరి డబ్బాల్లోంచీ నీళ్ళు జిడ్డు జిడ్డుగా పోతాయి. ఈ పిల్ల డబ్బాలోంచి మాత్రం కుళాయిలో ఎలా వచ్చాయో అలాగే పోతాయి. అది గమనించిన రోజున మైకక్కకు సంగతి అర్థమైంది. ఖాళీ డబ్బా తెచ్చుకుని, ఖాళీ డబ్బానే తిన్నట్టు నటించి, ఆ ఖాళీ డబ్బానే కడుక్కుని వెళ్ళిపోతోంది పిల్ల! అప్పట్నుంచి వెతికితే అలాంటివాళ్ళు ఇంకా కనపడ్డారు. సరిగ్గా భోజనం వేళకే లైబ్రరీలో పనిపడే కుర్రాడొకడు. సీసాడు నీళ్ళు గటగటా తాగి, "ఇవాళ ఆకలి లేదురా" అనే ఇంకొకడు. రోజూ ఆకలి లేకపోవడమేమిట్రా నాయనా!

అందుకే మొదటిరోజు తెల్లవారకముందే క్యాంటీన్ తలుపులు తీసింది. పెద్ద గిన్నె నిండా అన్నం, బంగాళాదుంపల కూర, మనిషికో గుడ్డు. డబ్బులు పెట్టెలో వేసి తినేవాళ్ళకు ఒక పక్క, నిధివాళ్ళ టోకెన్లున్న పిల్లలకు ఇంకో పక్క. ఒంటిగంట గంట కొట్టగానే ఆనందం పట్టలేక గొంతెత్తింది.

"ఉచిత భోజనం పిల్లలంతా ఇటు రండర్రా! ఈ పక్కకి! సిగ్గుపడకండి!"

అక్కడే పప్పులో కాలేసింది.

క్యాంటీన్ క్యాంటీనంతా ఆ పక్కకి తిరిగి చూసింది, ఎవరు లేస్తారా అని. ఒక్కరు లేస్తే ఒట్టు. కిటికీ పక్క అమ్మాయి మూతపెట్టిన డబ్బా మూతపెట్టినట్టే సంచిలో పెట్టుకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది. కనీసం తిన్నట్టు నటించడానికి కూడా ఆ రోజు ఆ పిల్లకి చోటు లేకుండా చేసింది మైకక్క.

"నువ్వు పిల్లల్ని పిలిచావా, దండోరా వేశావా?" అన్నాడు మొగుడు రాత్రి.

"మంచికే కదండీ అరిచాను!"

"మంచికే. కానీ చూడూ, ఫీజు సాయం అందరూ తీసుకున్నారా లేదా? తీసుకున్నారు. అది ఆఫీసు లోపల కట్టేస్తారు, ఎవరి కంటా పడదు. అన్నం అలా కాదుగా, నలుగురి ముందూ కూర్చుని తినాలి. ఆకలి రుచి ఎరగదంటారు. సిగ్గు మాత్రం దానికి బాగానే తెలుసు."

మైకక్క ఆ రాత్రి గిన్నెలు చప్పుడు కాకుండా తోమింది. అలాంటిది ఆ ఇంట్లో ఎప్పుడోగాని జరగదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. గుసగుసగా పిలిచి చూసింది. ఆవిడ గుసగుస అంటే మామూలు మనిషి కేక. అదీ కుదరలేదు. బల్ల తుడిచే నెపంతో కిటికీ పక్క అమ్మాయి దగ్గరికి పోయి, "కూర మిగిలిపోయిందే తల్లీ, కాస్త వేయనా?" అంది. "ఇప్పుడే తిన్నానక్కా, పొట్టలో చోటు లేదు," అంది ఆ పిల్ల నవ్వుతూ. ఎండిపోయిన పెదాలు, ఆ నవ్వూనూ! అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ బతిమాలి పెడతానన్నా తినేవాళ్ళు లేరు.

అలా గిన్నె నిండుగా పోవడం, నిండుగా వెనక్కి రావడం. సోమవారం మేనేజరు పిలిచాడు.

"అక్కా, గురువారం నిధివాళ్ళు వస్తున్నారు. ఒక్కడూ తినకపోతే ఈ భోజనాలు అనవసరమని రాసుకుపోతారు. ఆ డబ్బుతో గేటు దగ్గర ఫౌంటెన్ కట్టిద్దామని ప్రిన్సిపాల్ గారి ఆలోచన. రంగురంగుల లైట్లు కూడా పెడతారట."

"పిల్లలు ఫౌంటెన్ తింటారా?"

"తినరు. నువ్వు పెట్టేది మాత్రం తింటున్నారా?"

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. కానీ ఆయనన్నది నిజమేగా.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మైకక్క లోకమంతా వినపడేలా మాట్లాడుతుంది గానీ, ఒక్క మాట మాత్రం గొంతు దాటనివ్వలేదు. ఆ వానాకాలంలో ఆవిడకు జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం తగ్గింది, దాంతోపాటే వాసనా పోయింది, రుచీ పోయింది. ఆ విషయం మొదట కనిపెట్టింది మొగుడు. తొందరలో టీలో పంచదార బదులు ఉప్పు వేసిచ్చాడు. ఆవిడ కబుర్లు చెబుతూ గ్లాసు ఖాళీ చేసి, "బావుందండీ" అంది. ఆయన మొహం పాలిపోయింది. డాక్టరు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రుచి తెలియని వంటమనిషిని ఎవరు పనిలో పెట్టుకుంటారు? అందుకని నోరు మూసుకుని చేతి కొలతతో లాక్కొస్తోంది. ఈ గిన్నెకి ఉప్పు రెండు గుప్పిళ్ళు, ఆ గిన్నెకి ఒకటిన్నర. వడ్డించి, ఊపిరి బిగబట్టి, పిల్లల మొహాలు చూసేది. వాళ్ళ మొహాలే ఆవిడ నాలుక.

బుధవారం కొట్టువాడు రాళ్ళ ఉప్పు లేదని మెత్తటి ఉప్పు పంపాడు. మైకక్క చేయి పాత లెక్కలోనే ఉంది. రెండు గుప్పిళ్ళూ వేసేసింది. మెత్తటిది గుప్పిట్లో ఎంత ఎక్కువ పడుతుందో అప్పుడు తట్టలేదు. ఆ రోజు క్యాంటీన్‌లో నీళ్ళ జగ్గులన్నీ ఖాళీ. మేనేజరు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆవిడ వైపు అదోలా చూశాడు.

"రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు. కాస్త చూసి వెయ్యి," అన్నాడు. రుచి చూడటానికే కదా ఆవిడకు నాలుక లేనిది!

గురువారం రానే వచ్చింది. ప్రిన్సిపాల్, నిధి తరఫున జుట్టు నెరిసిన ఒక పెద్దావిడ వచ్చి మధ్య బల్ల దగ్గర కూర్చున్నారు. పొయ్యి మీద కూర కుతకుతలాడుతోంది. మైకక్క గుప్పెట్లో ఉప్పు ఉంది. ఆ గుప్పిట గిన్నె మీద అలాగే ఆగిపోయింది. ఎంత వేయాలి? ఎక్కువైతే తన పని పోతుంది. తక్కువైతే ఈ అన్నానికి ఎవరూ రాకపోవడంలో తప్పేముందని ఫౌంటెన్ కడతారు. తలెత్తి చూసింది. కిటికీ పక్కన అమ్మాయి డబ్బా మూత నిలబెట్టుకుని, ఖాళీ చెంచా నోటిదాకా తీసుకెళ్తోంది.

అప్పుడు తట్టింది మైకక్కకు. ఆ పిల్ల డబ్బా దాచుకుంటోంది, తను నాలుక దాచుకుంటోంది. ఇద్దరిదీ ఒకటే సిగ్గు! ఆ పిల్లని సిగ్గుపడకని కేకలేసి చెప్పిన మనిషి, ఇన్నాళ్ళూ తన సిగ్గుని మాత్రం మూటగట్టి అటక మీద పెట్టింది. ఒంట్లోకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. స్టూలు లాగి, దాని మీదికెక్కింది.

"పిల్లలూ! ఒక్క మాట వినండి!"

వినక చస్తారా! గ్లాసులు కూడా గలగలలాడటం మానేశాయి.

"నాకు రుచి తెలీదు! జ్వరమొచ్చి పోతూ పోతూ నా నాలుకని పట్టుకుపోయింది. ఉప్పేదో పంచదారేదో తెలిసి చావడం లేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని ఇన్నాళ్ళూ దాచాను. నిన్న మీరు జగ్గులు జగ్గులు నీళ్ళు తాగింది అందుకే. ఇంక దాచలేను. నాకు నాలుకలు కావాలి! ఎవరైనా వచ్చి రుచి చూసి పెట్టండర్రా!"

మేనేజరు నోరు తెరిచాడు. మూయడం మరిచిపోయాడు.

"ఒక్క చెంచా నాకితే కుదరదు. అన్నంలో కలుపుకుని, కడుపారా తిని, అప్పుడు చెప్పాలి. డబ్బులున్నవాళ్ళు ఎప్పట్లాగే ఆ బల్ల మీద పెట్టెలో వేయండి. లేనివాళ్ళు వేయకండి. ఇవాళ్టి నుంచి టోకెన్లూ లేవు, రెండు పక్కలూ లేవు, ఒకటే వరస. పెట్టెలో ఎవరు వేశారో నేను చూడను, మేనేజరు గారూ చూడరు!"

మేనేజరు తనకు తెలియకుండానే తల ఊపాడు.

ఎవరూ కదలడం లేదు. ఎంతకీ కదలడం లేదు. అంతలో కుర్చీ జరిగిన చప్పుడైంది. కిటికీ పక్క అమ్మాయి లేచింది! డబ్బా బల్ల మీదే వదిలేసి, అందరి మధ్యలోంచి తిన్నగా నడిచొచ్చింది.

"నేను చూస్తానక్కా."

మైకక్క స్టూలు దిగి, ఉప్పు లేని చేత్తో ప్లేట్లో అన్నం, కూర పెట్టింది. ఆ అమ్మాయి ఓ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"అక్కా... ఉప్పు అసలు లేదు."

"ఇంకా వెయ్యలేదే తల్లీ! నువ్వు చెబితే వేద్దామని!"

క్యాంటీనంతా ఘొల్లున నవ్వింది. మైకక్క గుప్పిట విప్పి కాస్త రాల్చింది, కలిపింది. "ఇంకొంచెం," అంది అమ్మాయి. మళ్ళీ రాల్చింది. "ఇంకొంచెం... ఆఁ, చాలు చాలు!" ఆ పిల్ల మాట మీద మైకక్క చేయి టక్కున ఆగింది.

ఇక చూడాలి! లైబ్రరీ కుర్రాడు వచ్చాడు. నీళ్ళ సీసావాడు వచ్చాడు. వాళ్ళ వెనక రోజూ డబ్బులిచ్చి తినేవాళ్ళు వచ్చారు, కారం చాలలేదని ఒకడు, ఎక్కువైందని ఒకత్తి, వరసలోనే కొట్లాట. "నీ నాలుక నాలుకేనా?" "నీకు రుచి తెలిస్తే కదా!" మైకక్క మధ్యలో నిలబడి, "తిని మాట్లాడండర్రా, ఖాళీ కడుపుతో కాదు!" అని అరుస్తూ గుడ్లు పంచుతోంది. ఎవరికి డబ్బుందో, ఎవరికి లేదో, ఆ వరసని చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఆ వరసలో జుట్టు నెరిసిన పెద్దావిడ కూడా ప్లేటు పట్టుకుని నిలబడింది. "దుంప ఇంకాస్త ఉడకాలమ్మా," అంది తిని. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "ఫౌంటెన్ ఏదో అన్నారు, ఎక్కడ కడదామని?" అని అడిగింది.

"ఏ ఫౌంటెనండీ?" అన్నాడాయన నోటినిండా ముద్దతో.

మేనేజరు తన ప్లేటు పట్టుకుని మైకక్క పక్కకి వచ్చాడు. "ఎన్నాళ్ళ నుంచక్కా?"

"వానాకాలం నుంచండీ. పని తీసేస్తారా?"

"తీసేసి? ఇన్ని నాలుకలున్న వంటమనిషిని ఎక్కణ్ణించి తేవాలి?" అని ఆయన ప్లేటు ముందుకు చాపాడు. మైకక్క ఆ ప్లేట్లో వేసిన కూర ముగ్గురికి సరిపోయేది.

గిన్నె అడుగు గీకి గీకి వడ్డించింది. మొట్టమొదటిసారి ఖాళీ గిన్నె చూసి ఆవిడకు ఈల వేయాలనిపించింది. రెండో గంట మోగింది. పిల్లలు ఒక్కొక్కరే క్లాసులకు పోతున్నారు. కిటికీ పక్క అమ్మాయి ప్లేటు కడిగిపెట్టి, తలుపుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అక్కా, రేపేం కూర?"

ఇన్నేళ్ళలో వేలమంది అడిగారు ఆ మాట మైకక్కని. ఇలాంటి పిల్లలెవరూ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, దాచుకోకుండానే తుడుచుకుంది.

"నువ్వే చెప్పు తల్లీ. నీకేం ఇష్టం?"

అమ్మాయి చెప్పబోయి ఆగిపోయింది. చాలాసేపు ఆలోచించింది. తనకేం ఇష్టమో ఎంతకీ గుర్తుకు రాక, రేపు పొద్దున వచ్చి చెబుతానంది.